ఆ ఒక్క ‘ఎక్స్’ కోసం 70 డాలర్లా?

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఓ జబ్బుంది. ఆఫీసులో ఎవడైనా "నా కోడ్ ఫాస్టు" అంటే చాలు... ఏ మెషీన్ మీద కొలిచావు, ఎంత డేటా, ఎన్నిసార్లు రన్ చేశావు అని పీకల మీద కూర్చుంటాం. అదే సొంత డబ్బులు పెట్టి కంప్యూటర్ కొనేటప్పుడు మాత్రం, యూట్యూబు వీడియోలో ఏ గీత పొడుగ్గా ఉంటే దానికి దండం పెట్టేస్తాం.

ఈ మధ్య మా సుచిత్ర, చింతల్ వైపు ఎవర్ని కదిపినా ఇదే గోల. హైటెక్ సిటీ దాకా రోజూ పోయిరాలేక ఇంట్లోనే ఓ మంచి డెస్క్‌టాప్ పెట్టుకుందామనుకునేవాళ్ళు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరుకి బయల్దేరే ముందు అడిగే ప్రశ్న: "రైజెన్ 5 7600 తీసుకోవాలా, 7600ఎక్స్ తీసుకోవాలా?" నా జవాబు సూటిగా చెప్తున్నా. ఎక్స్ కోసం ఎక్కువ డబ్బులు పెట్టొద్దు.

ముందు లెక్కలు. రెండూ జెన్ 4 చిప్పులే. రెండిట్లోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్. రెండూ అదే ఏఎం5 సాకెట్‌లో కూర్చుంటాయి. ఎక్స్ 2022 సెప్టెంబరులో 299 డాలర్లకి వచ్చింది. మామూలుది 2023 జనవరిలో 229 డాలర్లకి వచ్చింది, పైగా డబ్బాలోనే కూలర్ కూడా ఇచ్చారు. ఎక్స్‌కి కూలర్ మనమే కొనుక్కోవాలి. బూస్ట్ క్లాక్ ఒకదానికి 5.3 గిగాహెర్ట్జ్, రెండోదానికి 5.1. అంటే తేడా 4 శాతం కూడా లేదు. విడుదల ధరలో తేడా మాత్రం 30 శాతం! ఈ లెక్క చెయ్యడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, ఏడో తరగతి చాలు.

మరి వీడియోల్లో అంత తేడా ఎలా కనిపిస్తుంది? గ్రాఫు సున్నా దగ్గర మొదలవ్వదు కాబట్టి. 100కి, 104కి గీతలు గీసి, అడుగున 90 దగ్గర కోసేస్తే ఒకటి 10 పొడుగు, ఇంకోటి 14 పొడుగు. 4 శాతం కాస్తా కంటికి 40 శాతం అయి కూర్చుంటుంది. మన మేనేజరు ఇలాంటి స్లైడు చూపిస్తే నవ్వుకుంటాం, ఇక్కడ మాత్రం క్రెడిట్ కార్డు తీస్తాం.

"కోర్లన్నీ పనిచేస్తుంటే తేడా పెరుగుతుంది కదా" అంటారు. నిజమే, కాదనను. 7600 గరిష్ఠంగా 88 వాట్ల దగ్గర ఆగుతుంది, ఎక్స్‌ని 142 వాట్ల దాకా లాగనిస్తారు. అంటే 61 శాతం ఎక్కువ కరెంటు తాగే అనుమతి. దానికి దొరికే ఫలితం సాధారణంగా పది శాతం లోపే. పది నిమిషాల బిల్డు ఓ అరనిమిషం ముందు అయిపోతుందేమో. ఆ అరనిమిషంలో మనం చేసేదేంటో మన మనస్సాక్షికి తెలుసు!

ఇక అసలు సంగతి, వేడి. ఎక్స్ 95 డిగ్రీల దాకా వెళ్ళడం లోపం కాదు, మేమే అలా డిజైన్ చేశామని ఏఎండీయే చెప్పింది. సరే. కానీ కూలర్ అనేది గదిలో గాలి కంటే చల్లగా చెయ్యలేదు. రివ్యూ చేసేవాళ్ళు పాతికకి అటూ ఇటూ ఉన్న గదిలో కొలుస్తారు. మన దగ్గర మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని పై అంతస్తు గదిలో 40 ఉంటుంది. ఆ పదిహేను డిగ్రీలూ చిప్పు మీదే పడతాయి. ఎక్స్ త్వరగా 95 తాకి, క్లాక్ తగ్గించుకుంటుంది. అంటే మీరు డబ్బులిచ్చి కొన్న తేడా సరిగ్గా ఎండాకాలంలోనే ఆవిరైపోతుంది.

ఈ అంకెల మోజు కొత్తదేం కాదు. 2000 నవంబరులో పెంటియం 4 వచ్చినప్పుడు అమ్మకమంతా గిగాహెర్ట్జ్ మీదే. జనం అంకె తప్ప ఇంకేం చూడట్లేదని, 2001లో ఏఎండీ తన 1.53 గిగాహెర్ట్జ్ చిప్పుకి అథ్లాన్ ఎక్స్‌పీ 1800+ అని పేరు పెట్టుకుంది. చివరికి 2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ఆలోచనే మానుకుంది. పెంటియం 4 బెంచిమార్కు స్కోర్లు పెంచి చూపించారన్న అమెరికా కేసులో, తప్పు ఒప్పుకోకుండానే, అర్హులైన కొనుగోలుదార్లకి తలా 15 డాలర్లిచ్చి 2014లో సర్దుబాటు చేసుకుంది. ఇరవై ఏళ్ళు దాటినా మనం ఇంకా పెట్టె మీద అక్షరాలే చదువుతున్నాం.

దీనికి మూల్యం ఎవరు కడతారో చూడండి. మా పిన్ని కొడుకు బీటెక్ మూడో ఏడు. బాబాయి జీడిమెట్లలో ఓ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ఈఎంఐ మీద కొనిస్తానన్నాడు. వాడు రాసుకొచ్చిన లిస్టులో పైన 7600ఎక్స్. కింద ర్యామ్ 8 జీబీ ఒకే స్టిక్కు, ఊరూపేరూ లేని పవర్ సప్లై, యూపీఎస్ ఊసే లేదు. "ఎక్స్ ఉంటే ఫ్యూచర్ ప్రూఫ్ కదన్నా" అంటాడు. ఒరేయ్, ఆండ్రాయిడ్ స్టూడియో ఒకటి, ఎమ్యులేటర్ ఒకటి తెరిచేసరికి 8 జీబీ అయిపోయి, డిస్కుతో కుస్తీ మొదలవుతుంది. అప్పుడు 5.3 గిగాహెర్ట్జ్ ఏం చేస్తుందిరా? కూచుని ఎదురుచూస్తుంది. 2025 చివరినుంచి ర్యామ్ ధరలు ఎలా మండిపోయాయో తెలిసిందే. అలాంటప్పుడు ప్రతి రూపాయీ ర్యామ్‌కి వెళ్ళాలి గానీ అక్షరానికి కాదు.

ఒక్క మినహాయింపు ఇస్తాను. కూలర్ ఖర్చు కలిపినా ఎక్స్ అదే ధరకి దొరికితే తీసుకోండి. తీసుకుని బయోస్‌లో 65 వాట్ల ఎకో మోడ్ పెట్టుకోండి, దాదాపు 7600లాగే నడుస్తుంది. ఏఎండీ కూడా 2024 ఆగస్టులో 9600ఎక్స్‌ని 65 వాట్లతోనే వదిలింది. ఎక్స్ అంటే ఎక్కువ వాట్లే అన్న నియమాన్ని వాళ్ళే పక్కన పెట్టేశారు.

ఏ చిప్పు గొప్పదని కాదు, మీ పని దేని దగ్గర ఆగుతోందని అడగండి. బిల్డు నడిచేటప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి ఒక్క వారం చూడండి. ప్రాసెసర్ రోజంతా నూటికి నూరు శాతం కొట్టుకుంటోందా, అప్పుడు 7600ఎక్స్ కూడా వద్దు, 8 కోర్లదో 12 కోర్లదో చూసుకోండి. కొట్టుకోవట్లేదా, 7600 చాలు. ఈ రెండిటి మధ్యలో 70 డాలర్ల ఎక్స్‌కి చోటెక్కడుందో నాకు కనపడలేదు. మీకు కనపడితే గ్రాఫులతో కాదు, మీ గదిలో మీ మెషీన్ మీద కొలిచిన అంకెలతో రండి. వాదన అప్పుడు చేద్దాం.