చెట్ల లెక్కకు చిక్కని జీవవైవిధ్యం

దేశ భౌగోళిక విస్తీర్ణంలో 25.17 శాతం మేర అడవులు, చెట్లు విస్తరించి ఉన్నాయని 2023 అటవీ స్థితి నివేదిక వెల్లడించింది. అందులో అడవుల వాటా 21.76 శాతం. ఈ అంకెలు పైకి ఊరట కలిగించేవే. అసలు చిక్కు అడవి నిర్వచనంలో ఉంది. ఒక హెక్టారు లేదా అంతకు మించిన విస్తీర్ణంలో చెట్ల కొమ్మలు, ఆకులు 10 శాతానికి పైగా నేలను కప్పితే భారత అటవీ సర్వే సంస్థ దాన్ని అటవీ విస్తీర్ణంగా లెక్కిస్తుంది. ఆ భూమి ఎవరిది, అక్కడ పెరిగేది ఏ జాతి అన్న పట్టింపు ఉండదు. నల్లమల అడవి, కాగితపు గుజ్జు కోసం పెంచిన జామాయిల్ తోట... రెండూ ఒకే ఖాతాలో చేరతాయి. పచ్చదనం ఎంతో ఈ లెక్క చెబుతుంది. దాని నీడన ఎన్ని రకాల జీవులు మనుగడ సాగిస్తున్నాయో చెప్పదు.

సంఖ్య ఒక్కటే చాలదు

జీవవైవిధ్యాన్ని కొలవడంలో తొలి మెట్టు జాతుల సంఖ్య. ఏ జాతి ఎంత పాలులో ఉందన్నదీ అంతే ముఖ్యం. రెండు అడవుల్లో వందేసి చెట్లు, అయిదేసి జాతులు ఉన్నాయనుకుందాం. మొదటి దానిలో టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, ఉసిరి 20 చొప్పున ఉన్నాయి. రెండో దానిలో 96 జామాయిల్ చెట్లు, మిగిలిన నాలుగు జాతులవి ఒక్కొక్కటే ఉన్నాయి. జాతుల సంఖ్య ప్రకారం రెండూ సమానమే. ఈ లోపాన్ని బ్రిటన్‌ గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సింప్సన్ 1949లో ప్రతిపాదించిన సూచీ సరిదిద్దుతుంది. గుడ్డిగా రెండుసార్లు చెట్టును ఎంచుకుంటే, రెండుసార్లూ ఒకే జాతి తగిలే అవకాశం మొదటి అడవిలో 20 శాతం, రెండో దానిలో 92 శాతం. మార్క్ హిల్ 1973లో వివరించిన పద్ధతిలో దీన్ని జాతుల లెక్కలోకి మారిస్తే, మొదటి అడవి వైవిధ్యం అయిదు జాతులకు సమానం. రెండో దానిది ఒకటికి కాస్త ఎక్కువ మాత్రమే. జామాయిల్‌కు తెగులు సోకితే ఆ రెండో అడవిలో మిగిలేది నాలుగు చెట్లే.

పరిహారం ఎక్కడ?

అమెరికా ఆవరణ శాస్త్రవేత్త రాబర్ట్ విటాకర్ 1960లో మరో కీలక భేదాన్ని గుర్తించారు. ఒక చోట ఉన్న వైవిధ్యాన్ని ఆల్ఫా అని, ఒక చోటికీ మరో చోటికీ జాతుల కూర్పులో ఉన్న తేడాను బీటా అని, మొత్తం ప్రాంతపు వైవిధ్యాన్ని గామా అని ఆయన వర్గీకరించారు. మన పరిహార అటవీకరణ విధానంలో విస్మరణకు గురవుతున్నది ఈ బీటాయే.

గ్రేట్ నికోబార్ ద్వీపంలో తలపెట్టిన భారీ ప్రాజెక్టు కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అటవీ భూమి మళ్లింపునకు 2022లో సూత్రప్రాయ అనుమతి లభించింది. దానికి పరిహారంగా మొక్కల పెంపకానికి హరియాణాలోని భూములను ఎంపిక చేశారు. ద్వీపాల్లో అటవీ విస్తీర్ణం ఇప్పటికే 75 శాతానికి మించినందువల్ల ఇతర రాష్ట్రాల్లో పరిహారం చూపడానికి నిబంధనలు అనుమతిస్తున్నాయి. ఆ మేరకు చట్టపరంగా లోటు కనిపించదు. కానీ, తేమతో నిండిన సతత హరితారణ్యంలోని జాతులు ఆరావళి పరిసరాల పొడి నేలల్లో బతకలేవు. నికోబార్ దీవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించని మెగాపోడ్ పక్షికి హరియాణా తోట ఆవాసం కాజాలదు. విస్తీర్ణం లెక్క సరిపోయినా, పోయిన జాతుల లెక్క సరిపోదు.

చెట్టు నాటితే చేటు

జాతుల సంఖ్య తక్కువగా ఉన్న ప్రతి చోటూ నిస్సారమైనదన్న భావనా తప్పే. తమిళనాడులోని ముదుమలైలో భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 1988 నుంచి 50 హెక్టార్లలోని ప్రతి చెట్టునూ గుర్తించి, కొలుస్తున్నారు. అక్కడ నమోదైన వృక్షజాతులు సుమారు 70. మలేసియాలోని పాసో వర్షారణ్యంలో అంతే విస్తీర్ణంలో 800కు పైగా జాతులు ఉన్నాయి. అంతమాత్రాన ఏనుగులకు, పులులకు నెలవైన ముదుమలై విలువ తగ్గదు. పొడి అడవిని వర్షారణ్యంతో కాకుండా, దాని గతంతోనే పోల్చాలి.

గడ్డిభూములకూ ఇదే వర్తిస్తుంది. నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం బట్టమేక పిట్ట కోసం ఏర్పడింది. ఆ పక్షికి కావలసింది విశాలమైన గడ్డి మైదానం. ప్రభుత్వ దస్త్రాల్లో ఇలాంటి నేలలు ఎన్నో బంజరులుగా నమోదయ్యాయి. కేంద్రం చేపట్టిన గ్రీన్ క్రెడిట్ కార్యక్రమం పొదల భూముల్లో, బంజరుల్లో చెట్ల పెంపకాన్ని ప్రోత్సహిస్తోంది. ముందుగా అక్కడి జీవజాలాన్ని నమోదు చేయకుండా మొక్కలు నాటితే, పచ్చదనం పెరిగినట్లు లెక్క చూపుతూనే వైవిధ్యాన్ని పోగొట్టుకున్నట్లవుతుంది.

కొలమానం మారాలి

కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2030 నాటికి 30 శాతం భూభాగాన్ని, సముద్రాన్ని సంరక్షించాలని 2022లో ప్రపంచ దేశాలు నిర్ణయించాయి. ఆ లక్ష్యం సైతం విస్తీర్ణానికే పరిమితమైతే ఫలితం ఉండదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద దేశంలో 2.5 లక్షలకు పైగా ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు తయారయ్యాయి. వాటిలో చాలావరకు జాతుల పేర్ల జాబితాలే. ఏ జాతి ఎంత ఉంది, పెరుగుతోందా, తరుగుతోందా అన్నది నిర్ణీత కాలవ్యవధుల్లో నమోదైతేనే అవి విధాన నిర్ణయాలకు ఆధారం కాగలవు.

అటవీ భూమిని మళ్లించే ముందు అక్కడి జాతులను, వాటి పాళ్లను నమూనా పద్ధతిలో లెక్కించడం తప్పనిసరి చేయాలి. పరిహారంగా పెంచిన అడవిలో పదేళ్లకు, ఇరవై ఏళ్లకు వాటిలో ఎన్ని తిరిగి చేరాయో అదే కొలతతో పరిశీలించాలి. మరెక్కడా లేని జాతులున్న చోట పరిహారమనే మాటకే తావుండకూడదు. పాలకులు దేన్ని కొలిస్తే అధికార యంత్రాంగం దాన్నే పెంచి చూపుతుంది. నేటిదాకా కొలుస్తున్నది చెట్ల నీడను. ఇకపై కొలవాల్సింది ఆ నీడన బతికే జీవరాశిని.