రాట్నానికీ కూలి కట్టవలెను

మగ్గంగుంటలో మగడు, రాట్నం వద్ద ఆలు. ఈ పాత పద్ధతినే కోరి నడుపుకొనే దంపతులను వెనుకబడినవారని కొందరు వెక్కిరించుచున్నారు. ఎందుకు? వారి ఇష్టం వారిది. నిజముగా ఇష్టమే అయితే. 1930లో శారదా చట్టం అమలుకు వచ్చినప్పుడు, అది ఫ్రెంచివారి యేలుబడిలోనున్న మన యానాంకు వర్తించదని పిల్లల పెండ్లిండ్లకు జనం ఇక్కడికే తరలివచ్చేవారు. ఆ పిల్లల ఇష్టం ఎవరడిగారు?

మగ్గం మగవాని సొత్తేమీ కాదు. 2019-20 చేనేత గణనలో దేశంలోని నేతపనివారిలో నూటికి సుమారు 72 మంది స్త్రీలే. మా ఇంటామె నాకన్న నునుపుగా నేయగలదు, అయినా రాట్నమే ఇష్టమంటుంది. సరే. కాని కండె లేనిదే నాడె కదలదు గదా! మజూరీ అంతా నా పేరనే ఎందుకు పడవలె? సంఘాలవారు పుస్తకంలో ఆమె పేరు, ఆమె కూలి వేరుగా వ్రాయవలెను.