బోల్టులు పడితే చాలదు

"బోల్టులు పడ్డాయి అంకుల్, సరిపోయినట్టే." సోహార్‌లో ఒక టైర్ల షాపు దగ్గర మన తెలుగు కుర్రాడు నాతో అన్న మాట ఇది. నేను ఒప్పుకోను. నా తెలుగు సొంతంగా నేర్చుకున్నది, తప్పులుంటే దిద్దండి. లెక్క మాత్రం తప్పు కాదు.

ఆ కారుకు కంపెనీ ఇచ్చిన సైజు 205/55 ఆర్16. 205 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే సైడ్‌వాల్ ఎత్తు, వెడల్పులో 55 శాతం. 16 అంటే రిమ్ము, అంగుళాల్లో. టైరుతో కలిపి చక్రం ఎత్తు 632 మి.మీ. 17 అంగుళాల రిమ్ము కావాలా? 225/45 వేస్తే 634 వస్తుంది. మంచిదే. అతను వేయించింది 225/55. అది 679! మీటరు 120 చూపిస్తుంటే కారు దాదాపు 129లో పోవచ్చు.

ఖాళీ కారులో ఏమీ తెలియదు. సేవ కోసం మస్కట్ శివాలయానికి ఐదుగురం ఎక్కితే కారు వెనక భాగం దిగుతుంది, టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. రెండు వందల కిలోమీటర్లు, ఈ ఎండలో! "లోపలి అంచు కోసేద్దాం" అంటారు షాపులో. చెప్పు బాగుందని కాలు కోసుకుంటామా?

దర్జా వద్దనను. ముందు డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చదవండి. చక్రం ఎత్తులో తేడా 3 శాతం దాటకూడదు. టైరు మీది లోడ్ నంబరు తగ్గకూడదు. రిమ్ము ఆఫ్‌సెట్ కుదరాలి. ఆ తరవాతే బోల్టులు. వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే కదా.