ఎటూ విప్పారుగా!

"మేడమ్, సార్ ఉన్నారా? ఒకసారి ఫోనివ్వండి."

కారు నాది. నవలల మీద వచ్చిన డబ్బుకి రెండు జతల గాజులు జతచేసి కొనుక్కున్న సెకండ్‌హ్యాండు కారు. నడిపేది నేను. పొద్దున్నే సర్వీసింగుకి తీసుకెళ్లి తాళాలిచ్చి వచ్చిందీ నేనే. అయినా పదకొండు గంటలకి ఫోను చేసిన ఆ కుర్రాడికి మావారు కావాలి!

"ఏమైనా ఉంటే నాతో చెప్పు బాబూ" అన్నాను.

కాస్త తటపటాయించి చాంతాడంత జాబితా చదివాడు. టైమింగ్ బెల్టు మార్చే గడువు వచ్చిందట. "ఎటూ విప్పుతున్నాం కదా మేడమ్" అని, దాంతోపాటు ఇంకో తొమ్మిది పనులు చేసేస్తారట!

పేపరు చదువుకుంటున్న మావారు తలెత్తకుండానే తీర్పు చెప్పేశారు. "బాగున్నవాటిని మార్చడమేమిటి? డబ్బులు గుంజడానికి కాకపోతే! బెల్టొక్కటే మార్చమను."

ఎటూ విప్పారుగా అనే మాటని అడ్డం పెట్టుకుని జేబు కొట్టేవాళ్లు కొందరు. ఆ మాట వింటేనే జేబు గట్టిగా పట్టుకునేవాళ్లు కొందరు. నా పోట్లాట ఇద్దరితోనూ.

ముందు మావారి సంగతి. ఆరేళ్ల కిందట ఇదే బెల్టు మార్చినప్పుడు ఆయన మాటే విన్నాను. పద్నాలుగు నెలలు తిరక్కుండానే, మా అత్తగారితో గుంటూరు సీమంతానికి వెళుతుంటే, మంగళగిరి దగ్గర వేడి చూపించే ముల్లు పైకి పాకింది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి. కారుని తాళ్లు కట్టించి విజయవాడ ఆటోనగర్ చేర్చాం. మేస్త్రి లోపల చూసి, "వాటర్ పంపు కారిపోతోందమ్మా. ఆ నీళ్లకి బెల్టూ నానిపోయింది. అప్పుడే మార్పించుకోవాల్సింది" అన్నాడు. పంపు 2,800. కొత్త బెల్టు మళ్లీ 1,900. విప్పి బిగించిన కూలి మళ్లీ 4,500. పద్నాలుగు నెలల కిందట 2,800 మిగుల్చుకున్నామని మురిసిపోయి, ఇప్పుడు 9,200 పోసుకున్నాం. అత్తగారి సణుగుడు అదనం. దానికి బిల్లుండదు.

బి.ఎ. తెలుగు చదివినదాన్ని, ఇంజను గురించి నాకేం తెలుస్తుందనుకుంటారేమో! ఆ రోజు స్టూలు వేసుక్కూర్చుని మేస్త్రి చేత అంతా చెప్పించుకున్నాను. ఇంజనులో పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటాయి. వాటి నెత్తిమీద వాల్వులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఈ రెంటికీ తాళం తప్పకుండా చూసేది పళ్లున్న ఓ రబ్బరు బెల్టు. కోలాటంలో ఒకరు అడుగు తప్పితే పక్కవాళ్ల వేళ్లమీద కర్ర పడదూ? అలాగే ఈ బెల్టు తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకి కొట్టుకుంటాయి. వాల్వులు వంగిపోతాయి. ఇక ఆ ఖర్చు ముందు మనం మిగిల్చిందంతా చిల్లరే. పైగా రబ్బరు కదా, కారు తిరక్కపోయినా ఏళ్లు గడిస్తే ముసలిదవుతుంది. "మనది ఎక్కువ తిరగలేదుగా" అనడానికి లేదు. అందుకే గడువు కిలోమీటర్లలోనే కాదు, సంవత్సరాల్లోనూ చెబుతారు.

ఆ బెల్టుని బిగువుగా పట్టుకునే చక్రం టెన్షనరు. దారి చూపే చక్రం ఐడ్లరు. మా కారులో వాటర్ పంపుని తిప్పేదీ ఆ బెల్టే. అన్నీ ఒక ఈడువాళ్లే. పాత చక్రం బిగుసుకుపోతే కొత్త బెల్టు కూడా దాంతోపాటే పోతుంది. ఇంకో లక్ష కిలోమీటర్లు వచ్చే పంపుని పారేస్తామా అని మావారి వాదన. రావచ్చు, కాదనను. కానీ మనం భయపడాల్సింది పంపు ఖరీదుకి కాదు, దాని దగ్గరికి చేరే ఖర్చుకి.

ఇదేమైనా బ్రహ్మవిద్యా? బాత్రూములో టైల్సు పగలగొట్టించినప్పుడు, లోపలి తుప్పుపట్టిన పైపు అలాగే ఉంచి పైన కొత్త టైల్సు అతికించుకునే ఇల్లాలు ఉందా? అయితే ఆ వంకన హాల్లో ఫ్యాను కూడా మారుస్తానంటే మాత్రం, "నీ పని నువ్వు చూసుకో నాయనా" అంటాం. కారు దగ్గరా అంతే. "ఇది రేపు పాడైతే మళ్లీ ఇదంతా విప్పాలా?" ఈ ఒక్క ప్రశ్న అడగండి. విప్పాలంటే మార్పించండి. అక్కర్లేదంటే దాని వంతు వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

ఆ కుర్రాడిని జాబితా మళ్లీ మొదట్నించీ చదవమన్నాను. టెన్షనరు, ఐడ్లరు, వాటర్ పంపు... మార్చు. బెల్టు వెనక ఆయిల్ సీళ్లు... చెమర్చి ఉంటే మార్చు, ఫోటో తీసి పంపు. బ్యాటరీ, వైపర్లు, ఏసీ ఫిల్టరు? వాటికి ఇంజను విప్పాలా? వద్దు. బ్రేకు ప్యాడ్లు? ఎంత అరిగాయో చూపించాక మాట్లాడదాం. ఇంజను ఫ్లషింగు? కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉందా? లేదు. వద్దు. వేసేవన్నీ కారు కంపెనీవే కావాలి. బాగున్న అసలు పంపు తీసి నాసిరకం నకిలీది వేయించుకోవడం కన్నా అమాయకత్వం లేదు. తీసిన పాత సామానంతా డిక్కీలో పెట్టు.

అందరి కార్లూ ఒక్కలా ఉండవు సుమండీ. కొన్నింటిలో బెల్టుకి బదులు గొలుసుంటుంది. కొన్నింటిలో పంపు బయటే ఉంటుంది. మీ కారు పుస్తకం తిరగెయ్యండి. వంటల పుస్తకం కన్నా తేలికే.

"ఇవన్నీ మీకెలా తెలుసు మేడమ్?" అన్నాడా కుర్రాడు, నిజమైన ఆశ్చర్యంతో.

ఎందుకు తెలియకూడదు? 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే ఆవిడ మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయన తయారుచేసిన కారులో జర్మనీలో వంద కిలోమీటర్ల పైన పుట్టింటికి వెళ్లింది. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఆవిణ్ణి ఎవరూ "సార్‌కి ఫోనివ్వండి" అనలేదు!

సాయంత్రం కారు తెచ్చుకోవడానికి వెళ్లాను. పాత సామాను డిక్కీలో ఉంది. తీసిన పంపు ఇరుసు దగ్గర నీరు కారిన చారలు కట్టి ఉన్నాయి. ఇంటికొచ్చాక మావారి పేపరు మీద పెడదామని దాచుకున్నాను. బిల్లు మీద మాత్రం పేరు మావారిదే వేశారు! కొట్టించి నా పేరు వేయించాను.

ఎటూ వెళ్లానుగా!