హెచ్-4 మీదా చదువుకోవచ్చు
భర్త ఉద్యోగ వీసాపై ఆధారపడి వచ్చే హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్లిన మన ఆడపిల్లలు చాలామంది విద్యార్థి వీసా ఎఫ్-1 వచ్చేదాకా కాలేజీ గడప తొక్కకూడదనుకుంటారు. అది పొరపాటు. సందర్శకుల బి-2 మీద చదువు కుదరదు గానీ, హెచ్-4 మీద డిగ్రీయే చేయొచ్చు. ఎఫ్-1 అయితే పూర్తి లోడు తప్పదు, డిగ్రీ స్థాయిలో మామూలుగా సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు. హెచ్-4కి ఆ లెక్క లేదు. సాయంత్రం పాపను వాళ్ల నాన్నకు అప్పగించి, కమ్యూనిటీ కాలేజీలో ఒక్క స్టాటిస్టిక్స్ క్లాసుతో మొదలుపెట్టొచ్చు. ఓపీటీ రాదు కదా అంటారు. నిజమే, చదువుకు సంబంధించిన ఉద్యోగం 12 నెలలు, స్టెమ్ కోర్సులకు మరో 24 నెలలు చేసుకోనిచ్చే ఆ వీలు ఎఫ్-1 వాళ్లదే. కానీ అది ఎక్కువమందికి కోర్సు చివర్లో అక్కరకొచ్చేది. దానికోసం మొదటి మెట్టు దగ్గరే ఏళ్లు పోగొట్టుకోవడం ఎందుకు? ఎఫ్-1కి మార్చమని చదువు మధ్యలోనైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు.