మాత్రయు మౌనమును

బడిలో చదువు చెప్పిన చాలదా, ఆరోగ్యకార్యక్రమము లెందులకని తలిదండ్రుల సమావేశమున నొక పెద్దమనిషి మమ్మడిగెను. ఆయన కొమార్తె యంతకు వారము దినముల ముందే పాఠము నడుచుచుండగా తల తిరిగి బల్లపై వాలిపోయినది. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణమును బట్టి మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి, బాలురలో 31 మందికి రక్తహీనత కలదు. నెత్తురు లేని పిల్లకు సంధిసూత్రము లెట్లు వంటబట్టును?

బడిలో వారమున కొకసారి నీలిమాత్ర యిచ్చు ఏర్పాటున్నది. అందు 60 మిల్లీగ్రాముల యినుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును గలవు. మాత్ర మంచిదే. కాని భోజనమైన పిమ్మట మ్రింగవలెననియు, వెంటనే తేనీరు త్రాగరాదనియు, మలము నల్లబడిన భయపడ నక్కరలేదనియు జెప్పువారేరీ? ఒక పిల్ల పరగడుపున మ్రింగి వాంతి చేసికొనును. పదిమంది తమ మాత్రలను కిటికీ వెలుపల పారవేయుదురు. రిజిస్టరులో మాత్రము అందరును మ్రింగినట్లే యుండును! ఇంగ్లీషు మందని శంకించువారికొక మాట: పాండురోగమునకు లోహౌషధము నీయవలెనని చరకసంహితయే చెప్పినది.

ప్రతి బడిలో నొక యుపాధ్యాయుడును, నొక యుపాధ్యాయినియు శరీరపు మార్పులను, మనఃక్షేమమును, పోషణమును పిల్లలకు బోధింపవలెనని 2020లో కేంద్రప్రభుత్వము కార్యక్రమమొకటి ప్రారంభించెను. కాని కౌమారమును గూర్చిన పాఠము వచ్చుసరికి “ఇంటికడ చదువుకొనుడు” అని పుట త్రిప్పువారు మాలో నెందరు! ప్రబంధనాయిక నడుమును అర్ధగంట వర్ణింపగల మేము ఋతుస్రావమను నొక్క మాట కడ నోరు మెదపలేము. ఇందు మేమును దోషులమే. విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు లేని యొక యేడు ఆ పాఠము మాకప్పగింపగా మేమును పుట త్రిప్పితిమి. ఆ నెలలోనే యొక బాలిక బట్టలపై మరక కనబడునని బెంచిమీదినుండి లేవక సాయంకాలము దాక కూర్చుండెను. ఏమైనదని మేమడుగలేదు.

సంస్కారప్రియులగు గృహస్థులారా! సభలలో ఆరోగ్యవిద్యను గొనియాడి, ఆ పాఠము చెప్పిన మరునాడు ఫిర్యాదు వ్రాయువారు మీలోనే యున్నారు. మీ యింట చెప్పరు, మమ్ము చెప్పనీయరు. పిల్ల యెవరి నడుగవలెను?

గత మాసమున మేమును, మాతోడి యుపాధ్యాయినియు కలిసి ఎనిమిదవ తరగతికి ఆ పాఠము పూర్తిగా చెప్పితిమి. బాలురును కూర్చుండి వినిరి. మొదట నవ్విరి, పిదప మానిరి. మూడు ఫిర్యాదులు వచ్చినవి. అందొకటి యా పెద్దమనిషిదే. వచ్చు వారము రెండవ భాగము చెప్పబోవుచున్నాము.