లెక్కల చదువుకు చూపులేమి అడ్డు కారాదు

చోడవరం: చూపులేని పిల్లవాడు పదో తరగతి ప్యాసయ్యాడనగానే చుట్టుపక్కల వారు చెప్పే సలహా ఒక్కటే. “లెక్కలు నీకెందుకు బాబూ, ఆర్ట్సులో చేరు.” దయతో చెప్పిన మాటే కావచ్చు. కాని దానితో ఇంజనీరింగు, కంప్యూటరు చదువుల దారి అక్కడే మూసుకుపోతుంది. చెరుకు తూకం, బెల్లం ధర నోటిలెక్కతో కట్టిన పెద్దలున్న ప్రాంతమిది. లెక్క ఉండేది కంటిలో కాదు, బుద్ధిలో.

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ జన్మతః అంధుడు. పది తర్వాత సైన్సు, లెక్కలు చదవడానికి నిబంధనలు ఒప్పుకోవన్నారు. ఆయన కోర్టుకెక్కి అనుమతి సాధించారు. ఇంటర్‌లో 98 శాతం మార్కులు తెచ్చుకుని, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివారు. 2024లో వచ్చిన హిందీ సినిమా ‘శ్రీకాంత్’ ఆయన కథే.

అసలు చిక్కు నల్లబల్ల దగ్గర ఉంది. “మూడు ప్లస్ ఒకటి బై రెండు” అని మాస్టారు చదివారనుకుందాం. గీత మొత్తం కింద ఉంటే జవాబు రెండు. ఒకటి కింద మాత్రమే ఉంటే మూడున్నర. చూసేవాడికి గీత కనిపిస్తుంది, వినేవాడికి ఎలా తెలుస్తుంది? “మూడు, ఒకటి కలిపి, వచ్చిన మొత్తాన్ని రెండుతో భాగించు” అంటే సరిపోతుంది. ఇందుకు పైసా ఖర్చులేదు. గ్రాఫును అట్టమీద దారం అంటించి వేళ్లతో తడిమించవచ్చు. పాఠాన్ని ఫొటోగా కాక సరిగా టైపు చేసి ఇస్తే కంప్యూటరు చదివి వినిపిస్తుంది. బ్రెయిలీలో లెక్కల గుర్తులు రాసే పద్ధతిని అమెరికాకు చెందిన అంధ గణితవేత్త అబ్రహాం నెమెత్ 1952 నాటికే రూపొందించారు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం లేక అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లోనూ, ప్రభుత్వ సాయం పొందేవాటిలోనూ కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలి. అయితే పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన 18 ఏళ్ల వరకే. డిగ్రీ చదువు మొదలయ్యేది ఆ వయసులోనే. సీటిచ్చి పుస్తకం ఇవ్వకపోవడం విస్తరి వేసి వడ్డించకపోవడమే.

చోడవరం 2022లో అనకాపల్లి జిల్లాలో చేరినా, పై చదువులకు ఇక్కడి పిల్లలు చూసేది విశాఖ వైపే. ప్రభుత్వం ఆ వయోపరిమితిని సడలించాలి. కాలేజీలు చేరిన రోజునే “పాఠం నీకు ఏ రూపంలో కావాలి?” అని విద్యార్థిని అడగాలి. ఇంట్లో పెద్దలు కూడా పిల్లవాణ్ణి అడగకుండా లెక్కలు మాన్పించరాదు.